అమ్మాయి కాలేజీ హాకీ ఆడాలంటే నవంబరు ఛాంపియన్‌షిప్‌కు వెళ్లే జట్లనే ఎంచుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ కుటుంబం న్యూజెర్సీలో ఉంటోంది. పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి స్కూలు జట్టులో రైట్ హాఫ్‌గా, అంటే కుడి వైపు రక్షణకూ దాడికీ మధ్య, ఆడుతోంది, కాలేజీలోనూ ఫీల్డ్ హాకీ కొనసాగించాలనుకుంటోంది. ఏటా నవంబరులో జరిగే ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) మహిళల ఫీల్డ్ హాకీ ఛాంపియన్‌షిప్ ఎలా నడుస్తుందో, ఆ టోర్నమెంటుకు తరచూ వెళ్లే కాలేజీలకే దరఖాస్తు పెట్టడం మంచిదో కాదో, సెమీఫైనళ్లకు అమ్మాయిని తీసుకువెళ్లి చూపించడం వల్ల ప్రయోజనం ఉంటుందో లేదో మీరు తెలుసుకోవాలనుకుంటున్నారు.

ముందుగా సూటిగా చెబుతాను. టోర్నమెంటుకు వెళ్లే జట్ల జాబితాను కాలేజీల జాబితాగా వాడుకోకండి. ఆ స్థాయి ఆట ఎంత వేగంగా ఉంటుందో, ఏ నైపుణ్యాలను కోరుతుందో తెలుసుకోవడానికి ఆ టోర్నమెంటును మించిన అవకాశం లేదు కాబట్టి తప్పకుండా తీసుకువెళ్లి చూపించండి. కాలేజీని మాత్రం మీ అమ్మాయి ఏ జట్టులో రెండో ఏడాదికల్లా నిజంగా మైదానంలోకి దిగగలదు, అక్కడి చదువు ఆమెకు సరిపోతుందా, ఖర్చు మీకు భరించదగినదేనా అనే మూడు విషయాలను బట్టి ఎంచుకోండి.

నేను హైదరాబాదులో కాలేజీ రోజుల్లో మట్టి మైదానాల మీద గోల్‌కీపర్‌గా ఆడాను. అమెరికా వచ్చాక పెన్సిల్వేనియాలో మొదట స్కూలు మ్యాచ్‌లకు, తరువాత చిన్న కాలేజీల మ్యాచ్‌లకు అంపైరుగా పని చేశాను. వారాంతాల్లో ఒక క్లబ్బులో అమ్మాయిలకు శిక్షణ ఇస్తాను. ఈ పనిలో ఉండగా కాలేజీ ఎంపిక దగ్గర సరైన నిర్ణయం తీసుకున్న కుటుంబాలనూ, తొందరపడి నొచ్చుకున్న కుటుంబాలనూ దగ్గరగా చూశాను.

ఈ ఆట ఇక్కడ అమ్మాయిల ఆటగా ఎందుకు ఉందన్నది మనవాళ్లందరికీ వచ్చే సందేహం. ధ్యాన్‌చంద్ పేరు వింటూ పెరిగిన మనకు హాకీ అనగానే పురుషుల జట్టే గుర్తుకు వస్తుంది. అమెరికాలో ఈ ఆటకు ఆదరణ తెచ్చిన వ్యక్తి కాన్‌స్టెన్స్ యాపిల్‌బీ అనే ఆంగ్ల వనిత. 1901లో హార్వర్డ్‌లో జరిగిన వేసవి తరగతుల్లో ఆమె ఈ ఆటను ప్రదర్శించి, ఆ తరువాత తూర్పు తీరంలోని మహిళా కాలేజీలకు వెళ్లి నేర్పారు. అలా మహిళా కాలేజీల్లో వేళ్లూనుకున్న ఆట ఈనాటికీ ప్రధానంగా అమ్మాయిల ఆటగానే మిగిలింది. ఎన్‌సీఏఏ పురుషులకు ఫీల్డ్ హాకీ ఛాంపియన్‌షిప్ నిర్వహించదు. విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం మహిళల క్రీడలకు నిధులనూ స్థానాలనూ తెచ్చిపెట్టింది. 1981లో ఎన్‌సీఏఏ తొలి ఛాంపియన్‌షిప్ నిర్వహించగా కనెటికట్ విశ్వవిద్యాలయం గెలిచింది.

ఇక టోర్నమెంటు నడిచే తీరు. మీ అమ్మాయి వినే మాటల్లో ఎక్కువ భాగం కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్ గురించే కాబట్టి దాన్నే వివరిస్తాను. ఆగస్టు చివర మొదలైన సీజన్ నవంబరు మొదటి వారంలో కాన్ఫరెన్స్ పోటీలతో ముగుస్తుంది. కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీలు కలిసి ఏర్పరచుకున్న సమూహం అనుకోండి. అర్హత గల కాన్ఫరెన్సుల విజేతలకు జాతీయ టోర్నమెంటులో నేరుగా చోటు దొరుకుతుంది. మిగిలిన స్థానాలను ఎంపిక సంఘం నింపుతుంది. గెలుపోటములతో పాటు ఎంత బలమైన ప్రత్యర్థులతో ఆడారన్నదీ వారు లెక్కలోకి తీసుకుంటారు. అందుకే బలహీన జట్లను వరుసగా ఓడించిన జట్టుకు చోటు దొరకకపోవడం, బలమైన కాన్ఫరెన్సులో అయిదారు మ్యాచ్‌లు ఓడిన జట్టు లోపలికి వెళ్లడం జరుగుతూ ఉంటాయి. మొత్తం 18 జట్లు. వాటిలో నాలుగు జట్లు రెండు ప్రారంభ మ్యాచ్‌లు ఆడగా, గెలిచిన రెండు జట్లు మిగిలిన పద్నాలుగింటితో కలుస్తాయి. ఈ పదహారు జట్లు నాలుగు కాలేజీ మైదానాల్లో, ఒక్కో చోట నాలుగేసి జట్లుగా, శుక్రవారం ఒక మ్యాచ్, ఆదివారం ఒక మ్యాచ్ ఆడతాయి. నిలిచిన నాలుగు జట్లు తరువాతి శుక్రవారం ముందుగానే నిర్ణయించిన వేదికలో సెమీఫైనల్స్, ఆదివారం ఫైనల్ ఆడతాయి.

ఈ అమరికలోనే టోర్నమెంటు స్వభావమంతా ఉంది. ప్రారంభ మ్యాచ్ ఆడనవసరం లేని జట్టు విజేత కావాలంటే పది రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు వరుసగా గెలవాలి. ఒక్కటి ఓడినా ఇంటిదారే. లీగ్ దశ ఉండదు కాబట్టి పొరపాటును సరిదిద్దుకోవడానికి మరో మ్యాచ్ ఉండదు. శుక్రవారం ఆడిన కాళ్లతోనే ఆదివారం మళ్లీ ఆడాలి. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు ఆడాక స్కోరు సమమైతే అదనపు సమయంలో జట్టుకు ఏడుగురు మాత్రమే మిగులుతారు. పది నిమిషాల భాగాలు రెండు ఉంటాయి, మొదటి గోల్ పడగానే ఆట ముగుస్తుంది. అప్పటికీ తేలకపోతే షూటౌట్ ఉంటుంది, అందులో ఒక్కొక్క ఆటగత్తె గోల్‌కీపర్‌ను ఒంటరిగా ఎదుర్కొంటుంది. పదకొండు మందితో నిండిన మైదానంలో ఏడుగురే మిగిలితే ఖాళీ స్థలం ఎంత పెరుగుతుందో ఊహించండి. అక్కడ నైపుణ్యం కన్నా ముందు ఊపిరి పరీక్షకు నిలబడుతుంది.

కాబట్టి ఈ టోర్నమెంటును గెలిపించేది బెంచి, అంటే మార్పుగా దిగే ఆటగత్తెలు. మార్పులకు పరిమితి లేని ఆటలో పదహారో ఆటగత్తె కూడా మొదటి పదకొండు మందిలో ఒకరిలా ఆడగలిగిన జట్టే ఆదివారం సాయంత్రం నిలబడుతుంది. ఆ మాటను మీరు తండ్రిగా మరో వైపు నుంచి కూడా చూడాలి. బెంచి అంత బలంగా ఉందంటే, మరో కాలేజీలో మొదటి రోజు నుంచే ఆడగలిగిన అమ్మాయిలు అక్కడ తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారని అర్థం.

ఆధిపత్యం ఎంత కొద్ది చేతుల్లో ఉందో అంకెలే చెబుతాయి. 1981 నుంచి 2024 వరకు 44 సార్లు ఈ ఛాంపియన్‌షిప్ జరిగితే గెలిచిన కాలేజీలు 12 మాత్రమే. నార్త్ కరోలినా 11, ఓల్డ్ డొమినియన్ 9, మేరీలాండ్ 8 సార్లు గెలిచాయి. అంటే మూడు కాలేజీలకే 28 టైటిళ్లు. కనెటికట్ అయిదు, వేక్ ఫారెస్ట్ మూడు కలిపితే 36. డివిజన్ వన్‌లో దాదాపు 80 జట్లు ఆడుతుండగా ఇదీ పరిస్థితి. టైటిళ్లను చూసి కాలేజీ ఎంచుకుంటే వేళ్ల మీద లెక్కించదగిన కాలేజీల ముందు వేల మంది అమ్మాయిలతో కలిసి వరుసలో నిలబడినట్టే.

ఆ ఆధిపత్యం వెనుక శిక్షకుల పట్టుదల ఉంది, దాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. ఓల్డ్ డొమినియన్‌కు తొమ్మిది టైటిళ్లూ తెచ్చిన బెత్ యాండర్స్, నార్త్ కరోలినాను నాలుగు దశాబ్దాలు నడిపి పది టైటిళ్లు గెలిపించిన కేరెన్ షెల్టన్ ఇద్దరూ 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన అమెరికా జట్టులో కలిసి ఆడినవారు. షెల్టన్ 2022 టైటిల్ తరువాత తప్పుకున్నారు. ఆమె శిష్యురాలు ఎరిన్ మాట్సన్ ఆటగత్తెగా నాలుగు టైటిళ్లు గెలిచి, 22 ఏళ్ల వయసులోనే అదే జట్టుకు ప్రధాన శిక్షకురాలిగా నియమితురాలైంది. ఆ ఏడాదే, అంటే 2023లో, షెల్టన్ పేరు పెట్టిన మైదానంలోనే నార్త్‌వెస్టర్న్‌ను షూటౌట్‌లో ఓడించి నార్త్ కరోలినా మళ్లీ గెలిచింది. ఆ నార్త్‌వెస్టర్న్ 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు ఫైనళ్లు ఆడి రెండు గెలిచింది. వారి శిక్షకురాలు ట్రేసీ ఫుక్స్ తన కాలేజీ రోజుల్లో కనెటికట్ తరఫున 1985 టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నారు. మన గురుశిష్య పరంపర లాంటిదే ఇక్కడి కాలేజీ హాకీలోనూ కనిపిస్తుంది.

అలాగని తలుపులు పూర్తిగా మూసి లేవు. 2016లో డెలవేర్ ఫైనల్లో నార్త్ కరోలినాను 3-2తో ఓడించి తొలిసారి గెలిచింది. 2021లో లిబర్టీ ఫైనల్ దాకా వచ్చింది. 2024లో సెయింట్ జోసెఫ్స్ ఫైనల్ చేరి నార్త్‌వెస్టర్న్ చేతిలో 5-0తో ఓడింది. ఆ స్కోరు చూసి ఆ జట్టును తక్కువగా అంచనా వేయకండి. అంతకు ముందు మ్యాచ్‌లలో వారు ఆడిన రక్షణ ఆటను మా క్లబ్బు అమ్మాయిలకు వీడియో పెట్టి చూపించాను. క్రీడా స్కాలర్‌షిప్పులే ఇవ్వని ఐవీ లీగ్ (తూర్పు తీరంలోని ఎనిమిది పాత విశ్వవిద్యాలయాల సమూహం) కాలేజీల నుంచి ప్రిన్స్‌టన్ 2012లో టైటిల్ గెలవడం మీ రాష్ట్రానికే గర్వకారణం.

మనకు సంబంధించిన ఒక మ్యాచ్‌ను కూడా ఇక్కడ గుర్తు చేయాలి. 2024 జనవరిలో రాంచీలో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీల్లో అమెరికా మహిళల జట్టు భారత జట్టును 1-0తో ఓడించింది. టోక్యోలో నాలుగో స్థానం సాధించి మనందరి మనసులు గెలిచిన భారత జట్టు ఆ టోర్నమెంటులో పారిస్ అవకాశం కోల్పోయింది. ఆ రోజు అమెరికాకు గోల్ చేసిన అబిగెయిల్ టేమర్ అప్పటికి మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థిని. మన రజని లాంటి క్రీడాకారిణి చిత్తూరు జిల్లాలోని పల్లె నుంచి జాతీయ జట్టు గోల్‌కీపర్‌గా ఎదగడానికి శిబిరాలు, రైల్వే వంటి ఉద్యోగ జట్లు దారి చూపితే, ఇక్కడ ఆ దారి దాదాపు పూర్తిగా కాలేజీల గుండా సాగుతుంది. అందుకే నవంబరు టోర్నమెంటులో మీరు చూసేవారిలో కొందరిని తరువాత జాతీయ జట్టు దుస్తుల్లోనూ చూస్తారు. నెదర్లాండ్స్, జర్మనీ, అర్జెంటీనా వంటి దేశాల నుంచి వచ్చి చదువుకుంటూ ఆడేవారు కూడా చాలామంది ఉంటారు. మీ అమ్మాయి పోటీ పడవలసింది న్యూజెర్సీ అమ్మాయిలతో మాత్రమే కాదని దీన్నిబట్టి గ్రహించండి.

నా అనుభవంలోని రెండు ఉదాహరణలు చెబుతాను. మా క్లబ్బులో ఆడిన ఒక తెలుగు అమ్మాయి చురుకైన ఫార్వర్డ్. టోర్నమెంటుకు ఏటా వెళ్లే కాలేజీ నుంచి పిలుపు వస్తే ఇంట్లో అందరూ ఆనందించారు. నా సలహా అడిగినప్పుడు నేను కూడా వెళ్లమనే చెప్పాను. రెండు సీజన్లలో ఆమె మైదానంలో గడిపింది కొద్ది నిమిషాలే. అభ్యాసంలో ఎవరికీ తీసిపోలేదు, కానీ ఆమె స్థానంలో ముందున్న ముగ్గురూ ఆమె కన్నా ఒక మెట్టు పైన ఉన్నారు. మూడో ఏడాది మరో కాలేజీకి మారింది, కొన్ని క్రెడిట్లు అక్కడ చెల్లక చదువు ఒక సెమిస్టరు వెనకబడింది. ఆ జట్టులో ఆమె స్థానంలో ఎవరెవరు ఉన్నారు, వారు ఎప్పుడు చదువు ముగించుకుంటారు అన్న ప్రశ్న నేను ఆనాడు వేసి ఉండవలసింది. వేయలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రెండో అమ్మాయి రక్షణలో ఆడేది, ఇంజినీరింగ్ చదవాలని పట్టుదలగా ఉండేది. డివిజన్ త్రీ కాలేజీని ఎంచుకుంది. ఆ డివిజన్‌లో క్రీడా స్కాలర్‌షిప్పులు ఉండవు, అవసరాన్ని బట్టీ చదువును బట్టీ ఇచ్చే సహాయం మాత్రమే ఉంటుంది. మొదటి సీజన్ సగం నుంచే ఆమె జట్టులో స్థిరపడింది, చివరి ఏడాది కెప్టెన్ అయింది. డివిజన్ త్రీకి కూడా ఇలాంటి జాతీయ ఛాంపియన్‌షిప్ ఉంది, అక్కడ మిడిల్‌బరీ వంటి కాలేజీల ఆట చూస్తే చిన్న డివిజన్ అన్న మాట మళ్లీ అనబుద్ధి కాదు. మీకు దగ్గరలోని ది కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ 2014లో ఆ టైటిల్ గెలిచింది. ఒకసారి వెళ్లి వారి మ్యాచ్ చూడండి.

జట్టు జాబితా చదవడం నేర్చుకోండి. ప్రతి కాలేజీ జట్టు వెబ్‌సైటులోనూ ఆటగత్తెల పేర్ల పక్కన వారు ఏ సంవత్సరంలో ఉన్నారో, ఏ స్థానంలో ఆడతారో ఉంటుంది. గణాంకాల పుటలో ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎన్నింటిలో మొదటి నుంచీ ఉన్నారు అన్న రెండు అంకెలు ఉంటాయి. గత మూడు సీజన్లలో మొదటి ఏడాది, రెండో ఏడాది అమ్మాయిలలో ఎంతమంది సగానికి మించిన మ్యాచ్‌లలో దిగారో కాగితం మీద లెక్క వేయండి. ఒక గంట పని. శిక్షకులు ఎంత మర్యాదగా మాట్లాడినా, వారు కొత్తవారికి నిజంగా అవకాశం ఇస్తారో లేదో ఆ లెక్క చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. మీ అమ్మాయి చేరే నాటికి హాఫ్, బ్యాక్ స్థానాల్లో ఎవరు వెళ్లిపోతారో కూడా అందులోనే తెలుస్తుంది.

డబ్బు గురించి ఒక హెచ్చరిక. చాలాకాలం డివిజన్ వన్ హాకీ జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్పులకు సమానమైన మొత్తం మాత్రమే అనుమతి ఉండేది, దాన్ని శిక్షకులు ఇరవై మందికి పైగా పంచేవారు. 2025-26 నుంచి నిబంధనలు మారాయి. కోర్టు ఆమోదించిన ఒప్పందంలో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్పుల పరిమితి తొలగి, జట్టులో 27 మందికి మించి ఉండకూడదన్న పరిమితి వచ్చింది. అనుమతి ఉన్నంత మాత్రాన ప్రతి కాలేజీ డబ్బు పెంచుతుందని అనుకోకండి. పరిమితి వల్ల స్కాలర్‌షిప్పు లేకుండా జట్టులో చేరి ఎదగాలనుకునే అమ్మాయిలకు చోటు తగ్గే ప్రమాదమూ ఉంది. అందువల్ల మాట ఎవరు ఇచ్చినా, ఎంత మొత్తం, ఎన్ని సంవత్సరాలకు, గాయమైతే ఏమవుతుంది అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి.

శిక్షకులతో ఎప్పుడు మాట్లాడవచ్చో కూడా చెప్పాలి. పదో తరగతి పూర్తయ్యాక జూన్ 15 నుంచి డివిజన్ వన్ శిక్షకులు మీ అమ్మాయికి నేరుగా ఉత్తరాలు రాయవచ్చు, ఫోను చేయవచ్చు. అంతకు ముందు వారు జవాబివ్వకపోతే అది నిబంధన వల్లనే తప్ప నిరాసక్తత వల్ల కాదు. ఆమె మాత్రం ఇప్పటి నుంచే తన వివరాలు, వీడియో పంపవచ్చు. ఉత్తరాలు ఆమె చేత్తోనే, ఆమె మాటల్లోనే ఉండాలి. తల్లిదండ్రులు రాసిన ఉత్తరాన్ని శిక్షకులు మొదటి రెండు వాక్యాల్లోనే పసిగడతారు.

వీడియోలో రైట్ హాఫ్ ఏమి చూపించాలన్నది చాలామంది పట్టించుకోరు. గోల్స్ అతికించిన వీడియోలు ఫార్వర్డ్‌లకు సరిపోతాయి. మీ అమ్మాయి స్థానానికి చూడవలసింది వేరు. ప్రత్యర్థి లెఫ్ట్ వింగ్ తన మీదకు వచ్చినప్పుడు ఆమెను తన స్టిక్ బలంగా ఉండే కుడి పక్కకు, సైడ్‌లైన్ వైపుకు మళ్లించి, తొందరపడి పడిపోకుండా ఓపికగా బంతి తీసుకోవడం చూపించాలి. తీసుకున్న బంతిని గాభరాగా కొట్టేయకుండా తల ఎత్తి చూసి మధ్యలోకి ఇవ్వడం, గాలిలో వచ్చే బంతిని అదుపు చేయడం, పెనాల్టీ కార్నర్ (తప్పు జరిగినప్పుడు ప్రత్యర్థికి గోల్ గీత నుంచి దొరికే అవకాశం) రక్షణలో బంతి వైపు దూసుకెళ్లే మొదటి రషర్‌గా సరైన దారిలో పరుగెత్తడం చూపించాలి. ఒక పొరపాటు చేసి వెంటనే వెనక్కి పరుగెత్తి సరిదిద్దిన సందర్భం ఉంటే దాన్ని తీసేయకండి, నేను మాట్లాడిన శిక్షకులలో ఒకరికి మించి అలాంటి తునకనే గుర్తు పెట్టుకున్నారు.

చివరగా సెమీఫైనళ్లకు వెళ్లడం గురించి. వెళ్లండి, వీలైతే ఫైనల్ కన్నా శుక్రవారానికే ప్రాధాన్యం ఇవ్వండి. ఒకే రోజు నాలుగు జట్లను చూడవచ్చు, అంటే నలుగురు రైట్ హాఫ్‌లను చూడవచ్చు. మ్యాచ్‌కు ఒక గంట ముందే చేరుకోండి. టర్ఫ్‌ను నీటితో తడిపాక బంతి ఎంత వేగంగా జారుతుందో, సన్నాహక అభ్యాసంలో ఒక్కో పాస్ ఎంత గట్టిగా ఉంటుందో అమ్మాయి దగ్గరగా చూడాలి, టీవీలో ఆ వేగం సగం కూడా తెలియదు. మొదటి సగం మీ అమ్మాయి స్థానానికి దగ్గరి సైడ్‌లైన్ వైపు కూర్చోండి. బంతి ఎక్కడున్నా ఆమెను రైట్ హాఫ్‌ను మాత్రమే గమనించమనండి, బంతి తన దగ్గర లేని సమయంలో ఆ ఆటగత్తె ఎన్నిసార్లు తల తిప్పి చూసిందో లెక్కపెట్టమనండి. రెండో సగంలో గోల్ వెనుక వైపు చోటు దొరికితే అక్కడికి మారండి, పెనాల్టీ కార్నర్ రక్షణ అక్కడి నుంచే సరిగ్గా కనిపిస్తుంది. నవంబరు చివరి చలికి దుప్పటి, పొడి సాక్సులు, ఫ్లాస్కులో వేడి పాలు తీసుకువెళ్లండి. అమ్మాయి రాసుకున్న విషయాలతో మళ్లీ ఇక్కడికి వచ్చి అడిగితే, వాటిని బట్టి ఆమె ఆట ఏ స్థాయి కాలేజీలకు సరిపోతుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.